బోస్టన్ పరుగుపందెం చూశాను

పరుగెత్తేవాళ్ళకి పరుగెత్తడం ఒక్కటే పని. తక్కిన అవస్థ అంతా చూడవచ్చినవాళ్ళది. ఈ సంగతి నాకు 2024 ఏప్రిల్‌లో, అమెరికాలోని బోస్టన్ నగరం పొలిమేరలో, ఒక మెట్ట మీద ఆరు గంటల పైచిలుకు నిలబడ్డాక తెలిసివచ్చింది.

నేను కాకినాడ మనిషిని. ఇంటరుతో చదువు చాలించి సంసారంలో పడినదాన్ని. ఆటలన్నా పందాలన్నా నాకు పట్టేవి కావు. అటువంటిదాన్ని, ఆ సంవత్సరం సంక్రాంతి వెళ్ళగానే మా అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, ఈసారి ఏప్రిల్లో రా. నేను మారథాన్ పరుగెత్తుతున్నాను" అంది.

"ఎంత దూరమే?" అన్నాను.

"26 మైళ్ళ 385 గజాలు."

మనసులో లెక్క వేసుకున్నాను. కాకినాడ నుంచి పిఠాపురం వెళ్ళి, కుక్కుటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, మళ్ళీ కాకినాడ వచ్చినా ఇంకా కాస్త దూరం మిగులుతుంది. ఆ దూరానికి మేము బస్సెక్కితేనే ఇంటికొచ్చి నడుం వాలుస్తాం. ఇది, నలభయ్యో పడిలో పడిన మనిషి, ఎనిమిదేళ్ళ పిల్లాడి తల్లి, పరుగెడుతుందిట!

"ఎందుకే నీకీ బుద్ధి?" అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకనలేదో తరవాత చెబుతాను.

ఈ బోస్టన్ పందెం చిన్నా చితకా వ్యవహారం కాదు. 1896లో ఏథెన్సులో ఒలింపిక్ ఆటలు మళ్ళీ మొదలైనప్పుడు అక్కడ జరిగిన దూరపు పరుగు చూసి ముచ్చటపడి, మరుసటి ఏడే, అంటే 1897లో, బోస్టన్ వాళ్ళు తమ ఊళ్ళో పెట్టుకున్నారు. ఆనాడు పరుగెత్తినవాళ్ళు 15 మంది. మేము చూసిన ఏడు సుమారు 30 వేల మంది! ఏప్రిల్ నెల మూడో సోమవారం ఆ రాష్ట్రానికి సెలవు. 1775లో ఇంగ్లీషువాళ్ళ మీద మొదటి తుపాకులు పేలిన రోజుకి గుర్తుగా దాన్ని దేశభక్తుల దినం అంటారు. లెక్సింగ్టన్ అనే ఊళ్ళో తెల్లవారకముందే ఎర్రకోట్లు వేసుకుని ఆ యుద్ధాన్ని నాటకంలా ఆడి చూపిస్తారట. మా మనవడు అక్కడికే పోదామని పేచీ పెట్టాడు. "మీ అమ్మ యుద్ధం చూద్దాం పదరా" అని మా అల్లుడు వాణ్ణి ఊరుకోబెట్టాడు.

ఈ పందెంలో చేరడానికి డబ్బు కట్టి పేరిస్తే చాలదు. వేరే చోట మారథాన్ పరుగెత్తి, వయస్సునిబట్టి వాళ్ళు పెట్టిన గడువులోపల పూర్తిచేసి ఉండాలి. 40 ఏళ్ళ ఆడదానికి ఆ ఏడాది పెట్టిన గడువు 3 గంటల 40 నిమిషాలు. అది మా అమ్మాయికి అందే ద్రాక్షపండు కాదు. మరో దారి ఉంది. ఏదైనా ధర్మసంస్థకి చందాలు పోగుచేసి, ఆ సంస్థ తరఫున పరుగెత్తవచ్చు. మా అమ్మాయి ఏడాదిపాటు తెలిసినవాళ్ళందరినీ వేధించి చందాలు పోగుచేసింది. అందులో నావీ కొన్ని రూపాయలున్నాయి లెండి.

పందెం సోమవారమైనా పండుగ శనివారమే మొదలవుతుంది. శనివారం పొద్దున్న ఊరి నడుమ పార్కులో 5 కిలోమీటర్ల పరుగు ఉంది. మేము దాన్ని కాసేపు చూసి, హైన్స్ హాలుకి వెళ్ళాం. పరుగెత్తేవాళ్ళకి నంబరు కాయితాలు ఇచ్చేది అక్కడ. ఆ కాయితం వెనక ఒక చిన్న బిళ్ళ అంటించి ఉంటుంది. దారిలో 5 కిలోమీటర్లకొకసారి నేలమీద పరిచిన పట్టీల మీద కాలు పెట్టగానే ఫలానా మనిషి ఫలానా వేళకి ఇక్కడ దాటింది అని లెక్క నమోదై, మన ఫోనులో కనిపిస్తుంది. విని, "ఎంత సుఖం!" అనుకున్నాను. నా ప్రాణానికి అదే యమపాశమవుతుందని అప్పుడు తెలియదు.

ఆ హాల్లోనే ఆ ఏటి కోటు అమ్ముతారు. మా అమ్మాయి ఒకటి కొంది. "వేసుకోవే, చూస్తాను" అంటే గుడ్లురిమింది. పందెం పూర్తికాకుండా ఆ కోటు తొడుక్కోకూడదట, అపశకునమట! తుమ్మితే ఆగే నన్ను చూసి చిన్నప్పటినుంచీ నవ్విన పిల్ల సుమండీ ఇది! కోటు కవరులోంచి బయటకు తియ్యకుండా ఇంట్లో కుర్చీ మీద, పెళ్ళికూతురి చీరలాగా, భద్రంగా పెట్టింది.

హాలు బయటకొస్తే బాయిల్‌స్టన్ వీధి. పందెం ముగిసే చోటు అదే. పెద్ద గ్రంథాలయం ఎదుట రోడ్డుకి అడ్డంగా నీలం, పసుపు రంగులతో వెడల్పాటి గీత వేసి ఉంది. జనం ఆ గీత మీద నిలబడీ, కూర్చునీ, ముద్దుపెట్టుకునీ ఫొటోలు తీయించుకుంటున్నారు. వీధి పొడుగునా కుండీల్లో పసుపుపచ్చని డాఫొడిల్ పువ్వులు. నేనూ ఆ గీతమీద నిలబడి ఒక ఫొటో తీయించుకున్నాను. పరుగెత్తకుండానే చేరుకున్నాను గదా అని నవ్వుకున్నాను.

నాలుగడుగులు వేసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. పేవుమెంటు మీద కొన్ని రాతి స్తంభాలు, వాటి చుట్టూ సన్నగా పైకి లేచిన దీపస్తంభాలు. 2013 ఏప్రిల్ 15న పందెం జరుగుతూండగా మధ్యాహ్నం 2 గంటల 49 నిమిషాలకి ఇక్కడ రెండు బాంబులు పేలాయి. ముగ్గురు చనిపోయారు. 260 మందికి పైగా గాయపడ్డారు. ఆ ముగ్గురూ పరుగెత్తేవాళ్ళు కారు, రోడ్డు వారన నిలబడి చూస్తున్నవాళ్ళు. అందులో ఒక పిల్లవాడికి ఎనిమిదేళ్ళు. 2019లో ఈ గుర్తులు నిలిపారు.

మా మనవడు ఆ రాతిమీద చెయ్యి వేసి, "అమ్మమ్మా, ఇది చల్లగా ఉంది" అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఇంటికి చేరేదాకా వదల్లేదు. మేము చూడబోయే పందెం కూడా సరిగ్గా ఏప్రిల్ 15నే వచ్చింది. ఈ మాట మా అల్లుడితో అంటే, "అత్తయ్యగారూ, ఆ మరుసటేడు జనం ఇంకా ఎక్కువమంది వచ్చారండీ" అన్నాడు. ఇక్కడి ఓల్డ్ సౌత్ చర్చివాళ్ళు 2014లో దేశం నలుమూలలనుంచీ నీలం, పసుపు ఊలు మఫ్లర్లు అల్లించి తెప్పించి, పరుగెత్తడానికి వచ్చినవాళ్ళ మెడలో వేశారట. ముక్కూ మొహం తెలియనివాళ్ళు అల్లినవి! నాకు ఊలు అల్లడం వచ్చు. ఆ మాట విన్నాక ఆ మఫ్లర్లెలా ఉంటాయో చూడాలనిపించింది గాని, కనిపించలేదు.

ఆదివారం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. తినడమే. పరుగుకి ముందు పిండి పదార్థం ఎక్కువగా తినాలట. కాళ్ళ కండల్లో, కాలేయంలో అది నిలవ ఉండి పరుగుకి ఇంధనమవుతుంది. "పాస్తా చెయ్యనా?" అని మా అల్లుడు లేస్తే, కూర్చోమన్నాను. ఏళ్ళ తరబడి "అన్నం తగ్గించమ్మా, లావవుతాం" అని నన్ను సతాయించిన పిల్ల చేత ఆ రోజు రెండు పూటలా కంచం నిండా అన్నం, ముద్దపప్పు తినిపించాను. నా జన్మలో అంత తృప్తిగా వడ్డించిన రోజు మరొకటి లేదు.

సోమవారం తెల్లవారి ఏడింటికల్లా అమ్మాయి వెళ్ళిపోయింది. హాప్కింటన్ అనే చిన్న ఊళ్ళో పరుగు మొదలు. బోస్టన్ పార్కు దగ్గరనుంచి పిల్లల స్కూలు బస్సులు వరసగా కట్టి అందరినీ అక్కడికి చేరవేస్తారు. ఆ వరస చూస్తే మన పుష్కరాల స్పెషల్ బస్సులు జ్ఞాపకం వస్తాయి. వెళ్ళే ముందు గుమ్మంలో ఆగి, "ఎక్కడ నిలబడతారు?" అని అడిగింది.

"గుండె పగిలే మెట్ట మీద" అన్నాడు మా అల్లుడు.

ఇదేం పేరండీ, పొద్దున్నే! దాని కథ కూడా చెప్పాడు. హాప్కింటన్ నుంచి బోస్టన్‌కి దారి మొత్తం మీద పల్లమే. కాని 16వ మైలు దాటాక న్యూటన్ అనే ఊళ్ళో నాలుగు మెట్టలు ఎదురవుతాయి. వాటిలో చివరిది ఇది. 1936లో జానీ కెల్లీ అనే ఆటగాడు వెనకనుంచి తరుముకొచ్చి, ఇక్కడ ముందున్న 'టార్జాన్' బ్రౌన్‌ని అందుకుని, పాపం, భుజం తట్టాడట. ఆ తట్టుడుతో బ్రౌన్‌కి పౌరుషం వచ్చి దూసుకుపోయి పందెం గెలిచాడు. కెల్లీ అయిదో వాడుగా వచ్చాడు. ఇక్కడ కెల్లీ గుండె పగిలిందని ఒక పత్రికా విలేఖరి రాశాడు. ఆ పేరు నిలిచిపోయింది. అయితే కెల్లీ గుండె అంత తేలిగ్గా పగిలేది కాదు లెండి. 1935లోనూ, 1945లోనూ గెలిచాడు. మొత్తం 61 సార్లు ఈ పందెంలో దిగి, 58 సార్లు పూర్తిచేశాడు. ఆఖరుసారి 84 ఏళ్ళ వయస్సులో! ఆ మెట్టకి కాస్త ఇవతల అతని విగ్రహం ఉంది. యువకుడైన కెల్లీ, ముసలి కెల్లీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పరుగెత్తుతూ ఉంటారు.

రైలు మారి, ట్రాములాంటి ఆకుపచ్చ బండిలో బోస్టన్ కాలేజీ దగ్గర దిగి, పందేనికి ఎదురు దిశగా పావుగంట నడిచి, పదింటికి పది నిమిషాలుండగా మెట్ట పైభాగాన తాడు పక్కన చోటు సంపాదించాం. తీరా చూస్తే ఆ మెట్ట పొడుగు అర మైలు లేదు, ఎత్తు సుమారు 90 అడుగులు. "దీనికా ఇంత పేరు!" అన్నాను. అది 20 మైళ్ళు దాటాక వస్తుందన్నది అసలు కిటుకు. ఒంట్లో నిలవ ఉన్న ఇంధనం సరిగ్గా ఆ ప్రాంతానికే అయిపోతుంది. మొదట్లో పల్లంలో హాయిగా దిగిన తొడలు అప్పటికి తడి పిండి ముద్దలైపోయి ఉంటాయి.

మొట్టమొదట చక్రాల బళ్ళవాళ్ళు వచ్చారు. కాళ్ళు లేని, కాళ్ళు పనిచెయ్యని మనుషులు మూడు చక్రాల బండిలో ముందుకు వంగి కూర్చుని, రెండు చేతులతో చక్రాలు తోసుకుంటూ. 1975లో బాబ్ హాల్ అనే ఆయనతో ఇందులో వీళ్ళకి అధికారికంగా చోటు దొరికింది. మా కళ్ళ ముందు మార్సెల్ హుగ్ అనే స్విట్జర్లండు వీరుడు రివ్వున పోయాడు. అంతకు కాసేపటి క్రితమే న్యూటన్ మలుపులో కంచెకి గుద్దుకుని పడ్డాడట. లేచి, బండి సరిచేసుకుని, 1 గంట 15 నిమిషాల 33 సెకన్లలో ముగించి, ఆ దారికే కొత్త రికార్డు పెట్టాడు. పడకుండా ఉంటే ఏం చేసేవాడో!

తరవాత పేరుమోసిన మగవాళ్ళు. ఇథియోపియా దేశపు సిసే లెమ్మా ఒక్కడే వచ్చాడు. వెనక ఎవరూ లేరు. ఆ మెట్ట అతనికి మెట్టలా కనిపించినట్టే లేదు. పోలీసు మోటారుసైకిళ్ళ చప్పుడే తప్ప అతని పాదాల చప్పుడు వినిపించలేదు. ఆడవాళ్ళు ఒక గుంపుగా వచ్చారు. ఎవరు ముందో ఎవరు వెనకో నాకు తెలియలేదు. గెలిచింది కెన్యా దేశపు హెలెన్ ఒబిరి, మూడోది ఎడ్నా కిప్లగాట్ అని తరవాత తెలిసింది. ఎడ్నాకి 44 ఏళ్ళు. "మా అమ్మాయికంటే పెద్దది!" అన్నాను పైకే. మా అల్లుడు నవ్వాడు.

మీలో ఎవరైనా ఈ పందెం చూడబోతే, పేరుమోసినవాళ్ళు వెళ్ళిపోగానే లేచి వచ్చెయ్యకండి. అసలు చూడవలసింది ఆ తరవాతే. పన్నెండు గంటల తరవాత రోడ్డు ఏరులా పారడం మొదలైంది. ఒకడు గాజుకళ్ళతో, ఒకావిడ తనలో తాను మాట్లాడుకుంటూ, ఒకతను చనిపోయిన అన్న బొమ్మ చొక్కామీద వేసుకుని, ఇద్దరు గుడ్డివాళ్ళు తోడుమనిషి చేతికి తాడు కట్టుకుని. జనం చొక్కాల మీద పేర్లు చదివి, పేరు పెట్టి పిలిచి ఉత్సాహపరుస్తారు. కాలేజీ కుర్రాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. గిన్నెలు, గంటలు, డప్పులు. రెండో మైలు నుంచి మైలుకొకటి చొప్పున మంచినీళ్ళ బల్లలు పందెంవాళ్ళు పెట్టారు. అవి కాక ఆ వీధివాళ్ళు ఎవరికి వారే ఇంటిముందు బల్ల వేసి నారింజ తొనలు, మంచు ముక్కలు పంచుతున్నారు. అచ్చం మన ఎండాకాలపు చలివేంద్రాలే! ఆ రోజు ఎండ కూడా అలాగే ఉంది. మనకి అది లెక్కలోది కాదు, 20 డిగ్రీలు. కాని చలికాలమంతా మంచులో సాధన చేసినవాళ్ళకి అది రోహిణి కార్తె. మనుషులు ఎక్కడికక్కడ నడకలో పడుతున్నారు. మా ఎదురింటివాళ్ళు దోసకాయ ఊరబెట్టిన ఉప్పునీళ్ళు చిన్న చిన్న కాయితపు గ్లాసుల్లో పోసి పెట్టారు. కాళ్ళు కొంకర్లు పోతే అది తాగుతారట.

నా పక్కన మడత కుర్చీ వేసుకుని ఒక అమెరికన్ ముసలమ్మ కూర్చుంది. నాకంటే పది పదిహేనేళ్ళు పెద్దది. మా మనవడు దుబాసీగా ఇద్దరం మాటల్లో పడ్డాం. "మా అమ్మాయి పరుగెత్తుతోంది" అన్నాను. ఆవిడ నా చెయ్యి నొక్కి, ఈ కథ చెప్పింది.

1966 దాకా ఈ పందెంలో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. ఆడవాళ్ళు మైలున్నరకి మించి పందెంలో పరుగెత్తకూడదని ఆ దేశంలో నిబంధన. ఆ ఏడు బాబీ గిబ్ అనే 23 ఏళ్ళ పిల్ల, కాలిఫోర్నియానుంచి బస్సులో కూర్చుని కూర్చుని వచ్చి, తమ్ముడి నిక్కరు తొడుక్కుని, హాప్కింటన్‌లో రోడ్డు పక్క పొదల్లో దాక్కుంది. తుపాకి పేలి సగంమంది మగవాళ్ళు వెళ్ళాక వాళ్ళలో కలిసిపోయింది. 3 గంటల 21 నిమిషాల 40 సెకన్లలో ముగించింది. మూడింట రెండువంతుల మంది మగవాళ్ళు ఆమె వెనకే. మరుసటేడు కాథరిన్ స్విట్జర్ పొడి అక్షరాలతో పేరిచ్చి, 261 నంబరు తెచ్చుకుని పరుగెత్తుతూంటే, పందెం అధికారి ఒకాయన రోడ్డుమీదికి ఉరికి ఆ నంబరు కాయితం లాగెయ్యబోయాడు. చివరికి 1972లో ఆడవాళ్ళని అధికారికంగా రానిచ్చారు. ఒలింపిక్సులో ఆడవాళ్ళ మారథాన్ మొదలైంది 1984లో. అది మా అమ్మాయి పుట్టిన సంవత్సరం.

"ఆ బాబీని పొద్దున్నే కారులో హాప్కింటన్‌లో దింపిందెవరో తెలుసా?" అంది ముసలమ్మ. "వాళ్ళమ్మ. తండ్రి దీనికి మతిపోయిందన్నాడు. తల్లి మాత్రం దింపింది."

మా మనవడు ఆ మాట తెలుగులో చెప్పి, నా మొహం చూసి, "అమ్మమ్మా, ఎందుకలా ఉన్నావు?" అన్నాడు.

ఇప్పుడు చెబుతాను. 1998లో మా అమ్మాయి తొమ్మిదో తరగతి. జిల్లా పాఠశాలల ఆటల పోటీల్లో 800 మీటర్ల పరుగులో మొదటిది వచ్చింది. బహుమతిగా నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు ఇచ్చారు. అది చంకన పెట్టుకుని వీధి చివరనుంచి అరుచుకుంటూ వచ్చింది. హైదరాబాదులో రాష్ట్రపు పోటీలకి పంపమని వాళ్ళ డ్రిల్లు మేష్టారు ఇంటికొచ్చి అడిగారు. నేను ఒప్పుకోలేదు. పదో తరగతి దగ్గరకొస్తోంది, ఎండలో నల్లబడిపోతోంది, ఆ నిక్కర్లేమిటి, రేపు సంబంధాలవాళ్ళు ఏమంటారు – ఇవీ నా కారణాలు. మావారు బతికున్నారు అప్పటికి. "పంపుదామే" అన్నారు ఒకసారి. నేను గట్టిగా మాట్లాడేసరికి ఊరుకున్నారు. పిల్ల ఏడవలేదు. ఆ మర్నాటినుంచి మైదానానికి వెళ్ళడం మానేసింది. బూట్లు పనిమనిషి కూతురికి ఇచ్చేసింది. మళ్ళీ ఆ మాట మా ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. ఆ క్యారియరు మాత్రం ఆవకాయకీ అప్పాలకీ పాతికేళ్ళనుంచీ నేనే వాడుకుంటున్నాను.

ఫోనులో నోరెత్తకపోవడానికి కారణం అదీ.

అమ్మాయి 11 గంటల 25 నిమిషాలకి మొదలుపెట్టిందని ఫోను చెప్పింది. అయిదు కిలోమీటర్లు దాటింది, పది దాటింది. ఒకటీ యాభైకి సగం దూరం. "అయిదు గంటల్లో ముగిస్తుందండీ" అన్నాడు అల్లుడు ఉత్సాహంగా. రెండూ ఇరవై అయిదుకి 25 కిలోమీటర్లు. ఇక మూడూ అయిదుకి 30 కిలోమీటర్ల పట్టీ దాటాలి. అది దాటిందంటే మా దగ్గరకి ఇరవై నిమిషాలు.

మూడూ అయిదైంది. మూడుంబావు అయింది. ఫోనులో ఏమీ లేదు. మా అల్లుడు పైకి ధైర్యంగానే ఉన్నాడు గాని, నిమిషానికి రెండుసార్లు ఫోను రుద్దుతున్నాడు. మెట్ట కింద ఎక్కడో అంబులెన్సు కూత వినిపించింది. మనవడు అడగడం మానేశాడు. రాతి స్తంభాలు గుర్తొచ్చాయి. పరుగెత్తే జనంలో అందరి మొహాలూ అమ్మాయి మొహంలాగే కనిపిస్తున్నాయి. మొక్కని దేవుడు లేడు. అన్నవరం సత్యదేవుడికి వ్రతం, పిఠాపురంలో అభిషేకం, అన్నీ ఆ రోడ్డు వారన నిలబడి ఒప్పేసుకున్నాను. ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను: కనిపించగానే చెయ్యి పట్టుకుని, "చాలు తల్లీ, ఇంటికి పోదాం" అంటాను.

మూడున్నరకి ఫోను మోగింది. 30 కిలోమీటర్లు దాటింది.

నాలుగింటికి మెట్ట కింద కనిపించింది. నడుస్తోంది. ఎడమ కాలు ఈడుస్తోంది. చెంపలమీద చెమట ఎండి ఉప్పు పెట్లు కట్టింది. మమ్మల్ని చూసి తాడు దగ్గరకొచ్చి రెండు చేతులతో నా భుజాలు పట్టుకుంది. కాలు కొంకర్లు పోయి వైద్యుల గుడారంలో పావుగంట పడుకుందట.

"అమ్మా, ఆపేద్దామా?" అంది.

నేను అనవలసిన మాట అదే అంది. అల్లుడు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళిద్దరూ నాకేసి చూస్తున్నారు. అక్కడ రోడ్డు మీద వేలాది మంది కేకలేస్తున్నారు గాని, నాకేమీ వినిపించలేదు.

"ఇంకా ఎంత టైముంది?" అని అడిగాను అల్లుణ్ణి.

"అయిదున్నరకి మూసేస్తారండీ. గంటన్నర. ఇంకా అయిదు మైళ్ళ ముప్పాతిక."

"నడిచినా చాలునా?"

"గట్టిగా నడిస్తే చాలండీ."

"అయితే నడు" అన్నాను అమ్మాయితో.

అది నన్ను ఒక్క క్షణం చూసింది. నేను సంచీలోంచి మా మధ్యాహ్న భోజనం డబ్బా తీశాను. పెరుగన్నం అంచుకి తెచ్చుకున్న నిమ్మకాయ ఊరగాయ అందులో ఉంది. "దోసకాయ నీళ్ళు తాగేబదులు ఇది చప్పరించు" అని ఒక ముక్క నోట్లో పెట్టాను. మొహం వికారంగా పెట్టి, నవ్వి, వెనక్కి తిరిగి మెట్ట మిగిలిన భాగం ఎక్కడం మొదలుపెట్టింది. ముసలమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి, మా అమ్మాయి పేరు నన్నడిగి, తనకి పలికినట్టుగా అరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా అందుకున్నారు. ఆ పేరు వాళ్ళ నోళ్ళలో పడి ఎన్ని వంకర్లు పోయిందో చెప్పలేను!

తిరుగు బండి కిటకిటలాడుతోంది. కాప్లీ స్టేషను ఆ రోజు మూసేస్తారు కనక ఆర్లింగ్టన్‌లో దిగాలి. ఊళ్ళో బేస్‌బాల్ ఆట కూడా ఆ రోజే గావడం ఆనవాయితీట. దారిపొడుగునా ఆ గోల. 35 దాటింది, 40 దాటింది అని మనవడు చదువుతున్నాడు. మేము జనంలో ఇరుక్కుని ఫినిష్ గీత ఛాయలకే పోలేకపోయాం. అంతదూరం వెళ్ళి, మా అమ్మాయి గీత దాటడం నేను కళ్ళారా చూడలేదు. ఫోనులో చూశాను: 5 గంటల 17 నిమిషాలు. గడువుకి పదమూడు నిమిషాల ముందు.

ఫినిష్‌కి అవతలి వీధుల్లో ఇంటిపేర్ల అక్షరాలు బోర్డులమీద రాసి పెడతారు. ఎవరి అక్షరం కింద వాళ్ళు నిలబడితే, పరుగెత్తినవాళ్ళు వచ్చి వెతుక్కుంటారు. తిరణాలలో తప్పిపోయినవాళ్ళని కలిపినట్టు. అరగంటకి వెండి కాయితంలాంటి దుప్పటి కప్పుకుని, మెడలో పతకంతో, పసిపిల్లలా చిన్న చిన్న అడుగులు వేస్తూ వచ్చింది. అల్లుడు సంచీలోంచి కోటు తీసి కవరు చింపాడు. ఇప్పుడు తొడుక్కుంది.

స్టేషను మెట్లు మామూలుగా దిగలేకపోయింది. వెనక్కి తిరిగి, ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి ఒక్కొక్కటే దిగింది. సగం దిగాక నేను మెల్లిగా అడిగాను, "నువ్వు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు... ఆ కోపం ఇంకా ఉందా?"

కాసేపు ఆగింది. "ఉంది" అంది. "ఇవాళ ఓపిక లేదమ్మా. రేపు కోప్పడతాను. ఆ ఊరగాయ ఇంకా మిగిలిందా?"